బాతులంకలో మూగనెల

1. కృత్తిక కార్తె

పట్టీల గది దినచర్య. రాస్తున్నది తాయారు.

ఏ పట్టీ పాడైంది, ఏ పట్టీ బాగైంది అన్నంతవరకే ఇందులో రాయాలని పట్టాభి బావ చెప్పాడు. బావ మా లంకకి పెద్ద. నాకు మేనత్త కొడుకు కూడా కాబట్టి, నేను అంత పొదుపుగా మాట్లాడే మనిషిని కానని ఆయనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఈ దినచర్య తెరిచి చదివేవాళ్లు ఎలాగూ లేరు. అందుకని నా ఇష్టం వచ్చినట్టే రాస్తాను.

ఈ రోజు పట్టీలన్నీ తుడిచి చార్జింగు పెట్టాను. త్వరలో రోహిణి వస్తుంది. రోహిణితో మూగనెల మొదలు. అప్పటికల్లా ప్రతి మెడకీ ఒక పట్టీ ఉండాలి.

ఇక్కడ రోహిణి కార్తె అంటే ఉన్నికోటు మీద ఇంకో ఉన్నికోటు. సూర్యుడు కుంకడం మానేసి ఆకాశం చుట్టూ ప్రదక్షిణాలు చేస్తుంటాడు. వెనక కొండ మీద మిగిలిన కాస్త మంచూ కరిగి, నాచులోంచి సన్నటి వాగులై పారుతుంది. అయినా మేం కార్తెల లెక్క మానలేదు. గోదావరి లంకలు సముద్రంలో కలిసిపోయాక మా తాతలు ఓడెక్కి, భూమి నెత్తిన ఉన్న ఈ రాతిముక్క మీద దిగారు. చెట్టన్నది లేదు. బండలు, నాచు, పొగమంచు, గాలి. దీన్ని కూడా లంక అనే అన్నారు. పోయిన ఊళ్ల పేర్లు మాలో సగంమందికి గుర్తులేవు గానీ కార్తెల పేర్లు మాత్రం అందరికీ నోటికి వచ్చు.

మాకు అన్నం పెట్టేది బాతులు. దూదిబాతులంటాం. ఆడబాతు గుడ్లు పెట్టాక తన రొమ్ము మీది మెత్తటి నూగు పీకి గూట్లో పరుస్తుంది. పిల్లలు సముద్రంలోకి దిగిపోయాక ఆ నూగు మేం తీసుకుంటాం. అవతలి దేశం వాళ్లకి అదంటే ప్రాణం. దానికి బదులుగా మా ఇళ్లు చలికాలమంతా వెచ్చగా ఉండడానికి నూనె పంపుతారు. అందుకే ప్రతి ఇంటి చుట్టూ రాళ్లతో, ఒడ్డుకు కొట్టుకొచ్చిన చెక్కలతో కట్టిన బాతుగూళ్లు ఉంటాయి. నిరుడు పొదిగిన బాతు మళ్లీ అదే ఇంటికి వస్తుంది. అది గుడ్ల మీద కూర్చున్నంత కాలం లంకలో గట్టిగా మాట వినపడకూడదు. కొత్త బట్ట కనపడకూడదు. అదే మూగనెల.

గోదావరి మనుషుల్ని నెలపాటు నోరు మూసుకోమంటే ఎవరికి సాధ్యం? మా చిన్నప్పట్నుంచీ చేతులతో మాట్లాడుకునేవాళ్లం. సైగ కనపడాలంటే మనిషి ఎదటికి వెళ్లాలి కదా. ఒక్క కబురు పుడితే చాలు, దాన్ని మోసుకుంటూ ఊరంతా బయల్దేరేది. బురదలో జారిపడుతూ, చలికి ముక్కులు కారుతూ, ఎవరింట్లో ఏం కూరో తెలుసుకోవడానికి లంక ఆ కొస నుంచి ఈ కొసకి తిరిగేవాళ్లం.

పట్టీలు వచ్చాక ఆ తిప్పలు లేవు. మెడకి పట్టీ, చెవిలో గింజ. శబ్దం రాకుండా పెదాలు కదిపితే అవతలివాళ్ల చెవిలో మన గొంతే వినిపిస్తుంది. మంచం దిగక్కర్లేదు. ఇది మూడో ఏడు.

పట్టీ వద్దన్నది ఒక్క రాగన్నమ్మగారు.

2. రోహిణి కార్తె

బాతులు వచ్చేశాయి. పొద్దున సముద్రం నల్లగా కనపడితే మబ్బునీడ అనుకున్నాను. తీరా చూస్తే అన్నీ అవే.

పట్టీల్లో ఒకటే గోల. మా ఇంట్లో రెండు దిగాయి, మీ ఇంట్లో ఎన్ని దిగాయి? మా నాగరత్తం పిన్నయితే తన బాతు గూట్లోకి ఎలా వంగి వెళ్లిందో, ఎటు తిరిగి కూర్చుందో అన్నీ నా చెవిలో చెప్పింది. నేను అన్నం తింటూ విన్నాను. మా ఇంటికి మూడు వచ్చాయి. మా ఆయన గంగాచలం కిటికీ సందులోంచి చూసి మురిసిపోయాడు. పోయిన చలికాలం పట్టుకున్న దగ్గు ఆయన్ని ఇంకా వదల్లేదు. బాతులు బెదురుతాయని దిండులో మొహం పెట్టుకుని దగ్గుతున్నాడు.

బావ పట్టీలో పిలిచాడు.

"ఏమే తాయారూ, ఉత్తరం కొసన ముసలావిడ, రాగన్నమ్మగారి వైపు ఒక్క బాతూ దిగలేదు. గుట్ట మీంచి చూసొచ్చాను. ఈ ఏడు కూడా దిగకపోతే ఏంటో నీకు తెల్సుగా?"

తెలియకేం. రూలు పెట్టుకున్నది మేమే. నూనె తక్కువగా వస్తోందని సభ కూర్చుని తీర్మానం చేశాం. ఒక ఏడు గూడు పడని ఇంటికి చలికాలంలో సగం నూనె. వరసగా రెండేళ్లు పడకపోతే ఆ ఇంటివాళ్లు ఓడెక్కి అవతలి దేశం వెళ్లిపోవాలి. ఆ రోజు అందరికంటే ముందు చెయ్యెత్తింది రాగన్నమ్మగారే. అప్పట్లో లంక మొత్తంలో ఎక్కువ గూళ్లు ఆవిడవి.

మేం రాకముందు నుంచీ ఇక్కడ బతికిన జాతిలో మిగిలింది ఆవిడ ఒక్కతే. అసలు పేరు రాగ్న. మా వాళ్లు రాగన్నమ్మని చేశారు. గూడు కట్టడం, నాచు ఎండబెట్టడం, తీగల చట్రం మీద నూగు దులపడం, అన్నీ మా వాళ్లకి నేర్పింది ఆవిడ తల్లి. ఆవిడకి తెలుగు నేర్పింది మా అత్తగారు. అందుకే ఆవిడ తెలుగు నిండా మా అత్తగారి మర్యాదలే. మనుషుల్నే కాదు, బాతుల్ని కూడా అండీ అంటుంది. నేను పట్టీ తీసుకెళ్లిన రోజు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వింది.

"నాకొద్దండి. మెడకిది కట్టుకుంటే గేదెలా ఉంటానండి."

గేదెని ఆవిడా చూడలేదు, నేనూ చూడలేదు.

పోయిన ఏడు ఆవిడ గూళ్లు ఖాళీ. చలికాలం సగం నూనెతో, ఇల్లంతా మూసేసి ఒక్క గదిలో గడిపింది. మా ఇంటికి రమ్మన్నాను. రాలేదు. ఈ ఏడు కూడా ఖాళీ అయితే, ఈ నేల పాతజాతిలో మిగిలిన ఆఖరి మనిషిని దీని మీంచి పంపించేది మేమే.

3. రోహిణి చివర్లో

పట్టీల్లో సభ జరిగింది. అందరూ ఎవరి దుప్పట్లో వాళ్లు ఉండి మాట్లాడారు. ఆవిడ పెద్దదైపోయింది, గూళ్లు సరిగ్గా శుభ్రం చేయడం లేదన్నారు కొందరు. ఉత్తరం గాలి పెరిగిందన్నారు ఇంకొందరు. నాకొక అనుమానం వచ్చింది. మనకి వినపడని సన్నటి రొద ఏదైనా పట్టీల్లోంచి వచ్చి బాతుల్ని తరుముతోందేమో అన్నాను.

"ఆవిడకి పట్టీయే లేదు కదే, తింగరిదానా!" అన్నాడు బావ. అందరూ నవ్వారు. నిజమే. పట్టీలు గుంపుగా ఉన్న మా ఇళ్ల దగ్గరే బాతులు నిక్షేపంగా ఉన్నాయి.

సరే, చూసొద్దామని ఈ రోజు బయల్దేరాను. వాగు దాటాక ఆగిపోయాను. బాట కనపడలేదు. పట్టీలు రాకముందు ఆ బాట మట్టి తేలి, నల్లగా, నున్నగా ఉండేది. ఇప్పుడు నాచు కమ్మేసింది. ఎటు వెళ్లాలో తెలియక గుట్టని గుర్తుపెట్టుకుని నడిచాను. ఆవిడ గుమ్మానికి కాస్త దూరంలో ఒక తెల్లనక్క బండ మీద పడుకుని ఉంది. నన్ను చూసి లేచింది గానీ పరుగెత్తలేదు. తన ఇంటికి నేను వచ్చినట్టు చూసింది. గూళ్ల మీద గుడ్లు ఎత్తుకుపోయే దొంగపిట్టలు వరసగా కూర్చున్నాయి.

అప్పుడు అర్థమైంది నాకు. బాతులు మన దగ్గరికి వచ్చేది మన మీద ప్రేమతో కాదు. మనుషులు తిరిగే చోటికి నక్క రాదు, దొంగపిట్ట దిగదు. అందుకని వస్తాయి. ఇన్నేళ్లూ ఆవిడ గూళ్లకి కాపలా కాసింది మా కబుర్లు. కాపలా అని ఎవరం అనుకోలేదు. ఊసుపోక నడిచాం. రెండేళ్లుగా నడవడం మానేశాం.

ఆవిడ తలుపు మూసి నన్ను పొయ్యి దగ్గర కూర్చోబెట్టింది. గుసగుసగా మాట్లాడుకున్నాం.

"మామ్మగారూ, మీకు ముందే తెలుసా?"

"ఆయ్. తెలుసండి."

"మరి ఒక్కమాట చెప్పొచ్చు కదా? కబురు పెడితే రామా?"

ఆవిడ పొయ్యి మంట కాస్త తగ్గించింది. తర్వాత అంది, "పిలిత్తే వత్తారండి. పిలవకుండా వచ్చేవోళ్లు కదండీ మీరు."

ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. తిట్టినా బాగుండేది.

4. మృగశిర కార్తె

రోజూ వెళ్తున్నాను. గుట్ట ఎక్కి దిగి, ఆవిడ గూళ్ల చుట్టూ ఊరికే తిరుగుతున్నాను. నక్క కొండవైపు జరిగింది. దొంగపిట్టలు అరుస్తూ పైన తిరుగుతున్నాయి గానీ వాలడం లేదు.

నేనొక్కదాన్నే అయితే చాలదు. ఇంటికొకరు చొప్పున వంతులు వేసుకుందామని పట్టీలో అడిగాను. కాదన్నవాళ్లు ఒక్కరు లేరు. నాగరత్తం పిన్ని రెండు రోజులు వచ్చింది, మూడో రోజు మోకాలన్నది. ఒకరికి నాచు ఎండబెట్టే పని. ఒకరికి పొగమంచు భయం. "నువ్వెల్లి వత్తన్నావుగా, మాకు ఏం జరిగిందో చెప్పు" అన్నారు మిగిలినవాళ్లు. నేను నడుస్తుంటే నా చెవిలో కూర్చుని వాళ్లంతా నాతో పాటు వస్తున్నారు. ఆ సంగతి నక్కకి తెలియదు కదా.

ఇవాళ ఒక బాతు దిగింది.

రావాల్సినవన్నీ వచ్చేసి, పొదుగుడు సగంలో ఉండగా, ఇంత ఆలస్యంగా ఇదెక్కణ్నుంచి వచ్చిందో. తడబడుతూ నడిచి, ఆవిడ గుమ్మం పక్క గూట్లోకి వెళ్లి, నాచు సర్దుకుని కూర్చుంది. రాగన్నమ్మగారు కిటికీ దగ్గర నా చెయ్యి పట్టుకుంది. ఆవిడ చేతిలో ఇంత బలం ఉందని నాకు తెలియదు. లెక్క చూసేది పునర్వసులో. అప్పటికి గూట్లో నూగు, పగిలిన పెంకులు కనపడితే చాలు. ఒక్క గూడైనా గూడే. ఆవిడ ఇక్కడే ఉంటుంది.

5. మృగశిర చివర్లో

ఈ రోజు అసలైన పట్టీల పని ఉంది కాబట్టి బావ మెచ్చుకునేలా రాస్తాను.

పొద్దున అందరి చెవులూ ఒక్కసారిగా మూగబోయాయి. గోడకున్న పెద్దపెట్టె ఆగిపోయింది. పట్టీల మాటలన్నిటినీ మోసేది అదే. లోపల చెమ్మ చేరి తీగలు పచ్చబారాయి. నేను పెట్టె విప్పుతుండగానే గుమ్మంలో జనం. చేతులూపుకుంటూ, కళ్లు పెద్దవి చేసుకుంటూ, ఎప్పటికవుతుందని సైగలు. చేతి మాట మర్చిపోయి సగంమంది తప్పులు చేస్తున్నారు. నాగరత్తం పిన్ని ఉప్పు కావాలని అడగబోయి పెళ్లికొడుకు కావాలని అడిగింది. శబ్దం రాకుండా నవ్వడం అందరికీ ఎంత కష్టమైందో. మోకాలన్న పిన్ని ఇల్లిల్లూ తిరిగి ఆ సంగతి చెప్పింది.

మధ్యాహ్నానికి ఊరంతా బయటే ఉంది. కొంతమంది ఆ తప్పు సైగ రాగన్నమ్మగారికి కూడా చూపిద్దామని వాగువైపు బయల్దేరారు. నేను కిటికీలోంచి చూశాను గానీ నాకు తల ఎత్తడానికి తీరిక లేదు. నా నడక కూడా ఈ రోజుకి మానుకోవాల్సి వచ్చింది. విడిభాగాలు ఓడ వస్తే గానీ రావు. పాత పట్టీలు రెండు విప్పి, వాటి తీగలు తీసి, అతుకులేసి, మొత్తానికి రాత్రి భోజనాల వేళకి పెట్టెని బతికించాను. "వచ్చేసింది, ఇక మాట్లాడుకోండి" అని అందరి చెవుల్లో చెప్పాను. వాగు దగ్గరికి చేరినవాళ్లు అక్కడే నిలబడి చెవి తడుముకున్నారు. తర్వాత వెనక్కి తిరిగి ఇళ్లకి వచ్చేశారు.

అందరూ నన్ను పొగిడారు. నీ చెయ్యి బంగారం తాయారూ అని బావ కూడా అన్నాడు. చాలా సంతోషంగా ఉంది.

పెద్దపెట్టె: బాగైంది. పట్టీలు: అన్నీ పనిచేస్తున్నాయి.

6. ఆరుద్ర కార్తె

పైన రాసింది చదువుకుంటే నా చెయ్యి నేనే విరగ్గొట్టుకోవాలనిపిస్తోంది.

మర్నాడు పొద్దున్నే వెళ్లాను. గూట్లో నూగంతా చిందరవందరగా బయటికి లాగి ఉంది. పెంకులు ఉన్నాయి, కానీ నక్క కొరికిన పెంకులు. బాతు కాసేపు నీళ్ల మీద తిరిగి వెళ్లిపోయిందట. రాగన్నమ్మగారు కర్ర పట్టుకుని అదిలించడానికి వెళ్లిందట గానీ ఆవిడ కాళ్లకి అంత వేగం ఎక్కడిది.

నేను వెళ్లకపోవడం ఒక్కటే అయితే ఇంత బాధ ఉండేది కాదు. ఆ రోజు నేను పెట్టెని ముట్టుకోకుండా వదిలేసి ఉంటే ఊరంతా అటు నడిచేది. సగం దూరం నడిచారు కూడా. ఓడ వచ్చేదాకా రోజూ నడిచేవారు. నడవకుండా ఉండలేరు వాళ్లు, నాకు తెలీదా? వాళ్లని వెనక్కి తిప్పింది నేను. ఎవరూ నన్ను తొందరపెట్టలేదు. తెలివితేటలు చూపించుకోవాలని నేనే తొందరపడ్డాను.

ఈ మాట బావతో అన్నాను. ఆయన తల పట్టుకున్నాడు.

"ఊరుకోవే. పెట్టె బాగుచెయ్యడం నీ పని. చేశావు. నక్క గూడు పాడుచెయ్యడం దాని పని. ఎవర్ని అంటాం?"

"అయితే రూలు మార్చు బావా."

"ఆవిడకి మారిత్తే రేపు ఇంకో ఇంటికి మార్చాలి. నూనె నేను పుట్టించగలనా చెప్పు?"

బావ చెడ్డవాడు కాదు. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి.

7. పునర్వసు కార్తె

మూగనెల అయిపోయింది. లెక్క చూశారు. రాగన్నమ్మగారి ఇంటికి సున్నా.

మా మూడు గూళ్లలో ఒకటి ఆవిడ పేరున రాయమన్నాను. బావ సరేనన్నట్టు కళ్లు కిందికి దించాడు. ఒప్పుకోనిది ఆవిడే.

"మీ బాతు నా బాతు ఎలాగవుద్దండీ? దానికి తెలీదాండీ ఎవరింటికొచ్చిందో?"

"పోనీ మా ఇంట్లో ఉండండి మామ్మగారూ. మా అత్తగారి గది ఖాళీగానే ఉంది."

"మీ పొయ్యి పక్కన కూకుని నేనేం చేత్తానండి? నాకు బాతుల పని తప్ప ఏం వచ్చండి?"

ఆవిడ నవ్వుతూనే అంది. నాకు మాత్రం కోపం వచ్చింది, ఆవిడ మీద కూడా. ఒక్కసారి చెయ్యి చాపితే ఏం పోతుంది? ఇంటికొచ్చి మా ఆయన మీద అరిచాను. ఆయన పాపం దగ్గుకుంటూ విన్నాడు.

8. ఉత్తర కార్తె

ఓడ వచ్చింది. ఊరంతా రేవుకి నడిచింది. పట్టీ పెట్టుకుని ఇంట్లోంచి వీడ్కోలు చెప్పడానికి ఆవిడకి పట్టీ లేదు కదా, అందుకని అందరూ రావాల్సి వచ్చింది.

ఒక్కొక్కరి దగ్గరా ఆగి పేరు పెట్టి పిలిచింది. నాగరత్తం పిన్ని బావురుమంది. నా దగ్గరికి వచ్చినప్పుడు, "నాచు బాగా ఎండాకే పరవండి, తడి ఉంటే గుడ్డు చల్లారిపోద్దండి" అంది. మా లంకలో పసిపిల్లకి కూడా తెలిసిన సంగతి అది. ఆ సమయానికి ఆవిడకి ఇంకేం దొరకలేదేమో. జీవితమంతా వాగుతూనే ఉన్న నేను, సరేనండి అన్నాను.

9. మళ్లీ కృత్తిక కార్తె

పెద్దపెట్టె పాడైపోయింది. బాగుచేయడం నావల్ల కావడం లేదు.

అలా అని బావకి చెప్పాను. దినచర్యలో నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, పెట్టెకి ఏమీ కాలేదు. లోపలి తీగలు తీసి మా బియ్యం డబ్బాలో దాచాను. బావ పెట్టె చుట్టూ రెండుసార్లు తిరిగి నా మొహంలోకి చూశాడు.

"ఎప్పటికవుద్దంటావ్?"

"విడిభాగం రావాలి బావా."

"రానీ, తొందరేం ఉంది" అని వెళ్లిపోయాడు.

వసంతం ఓడ మనిషి రాగన్నమ్మగారి కబురు తెచ్చాడు. అవతలి దేశంలో, ముసలివాళ్లందరినీ ఉంచే ఒక పెద్ద భవనంలో ఉందట. ఆరోగ్యం బాగానే ఉందట. తిండికి లోటు లేదట. ఎవరు పలకరించినా ఏదో భాషలో బదులిస్తుందట. ఆవిడ సొంత భాషేమో అనుకుని భాషలు చదివిన పెద్ద పెద్దవాళ్లని పిలిపించి వినిపించారట. వాళ్లకీ తెలియలేదట. ప్రతి మాట చివరా అండీ అని వస్తుందని ఓడ మనిషి అనుకరించి చూపించాడు. అక్కడ తెలుగు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు.

రూలు మళ్లీ చదివించాను. ఇల్లు ఏడాదిపాటు వెళ్లినవాళ్ల పేరునే ఉంటుంది. ఈ లోపల అక్కడ గూడు పడితే వాళ్లని మళ్లీ పిలిపించవచ్చు. కాకపోతే గూటికి కాపలా కాసినవాళ్లు కోరుకుంటే ఆ గూడు వాళ్ల ఇంటికి రాసుకోవచ్చు. ఆ రెండో మాట నేను సరిగ్గా వినను కూడా వినలేదు.

10. మృగశిర కార్తె

ఊరు నడుస్తోంది. చేతి మాట మళ్లీ అందరికీ వచ్చేసింది. వాగు అవతల నాచు నలిగి, కింద మట్టి కనపడుతోంది. రాగన్నమ్మగారి ఇంటి ముందు బండల మీద కూర్చుని నాగరత్తం పిన్నీ వాళ్లూ చేతులతో గంటలు గంటలు మాట్లాడుకుంటున్నారు. నక్క ఈ చుట్టుపక్కల లేదు.

మా ఇల్లు పల్లంలో ఉంది. రోహిణిలో ఒక రోజు సముద్రం పొంగి మా వైపు గట్టెక్కింది. మా గూళ్లన్నీ గుడ్లతో సహా కొట్టుకుపోయాయి. ఆ సమయానికి నేను ఉత్తరం కొసన ఉన్నాను. మా ఆయన ఒక్కడే నడుములోతు నీళ్లలో దిగి రెండు గూళ్లు పట్టుకోబోయాడట. అప్పట్నుంచీ మంచం మీదే ఉన్నాడు. దగ్గుతుంటే పక్క గదిలో నాకు నా రొమ్ము నొప్పి పుడుతోంది.

ఆవిడ గుమ్మం పక్క గూట్లో ఒక బాతు పొదుగుతోంది. ఒక్కటే. నిరుటిదో కాదో చెప్పలేను.

11. పునర్వసు కార్తె

పిల్లలు పొద్దున్నే నీళ్లలోకి దిగాయి. నేను కళ్లారా చూశాను. గూట్లో పెంకులు శుభ్రంగా ఉన్నాయి. నూగు గుప్పిట్లోకి తీసుకుంటే ఇంకా వెచ్చగా ఉంది.

బావ ముందు మా ఇంటికి వచ్చి సున్నా చూశాడు. తర్వాత నాతో ఉత్తరం కొసకి వచ్చాడు. వద్దంటే వినకుండా మా ఆయన కూడా కర్ర పట్టుకుని వెనకే వచ్చాడు. దారిలో నాలుగుసార్లు కూర్చున్నాడు.

బావ గూట్లోకి తొంగిచూసి, కలం తీసి, నావైపు తిరిగాడు.

"ఒక్కటే ఉంది. కాపలా కాసింది నువ్వు. ఎవరి పేరు రాయమంటావో నువ్వే చెప్పు తాయారూ."

ఏడాదంతా నేను నడిచింది ఆ మాట చెప్పడానికే. నిద్రలో లేపి అడిగినా రాగన్నమ్మగారి పేరే చెప్పేదాన్ని. మా ఆయనవైపు చూశాను. ఆయన సముద్రంవైపు తిరిగి నిలబడ్డాడు. దగ్గు ఆపుకుంటున్నాడని ఆయన భుజాలు చెప్తున్నాయి. నేను మొహమాటపడకూడదని ఆపుకుంటున్నాడు. సగం నూనెతో ఒక చలికాలం. రాగన్నమ్మగారు గడిపింది. ఈయన గడపలేడు.

"నీ ఇష్టమే. నా గురించి చూడకు" అన్నాడు ఆయన, ఇటు తిరక్కుండానే.

"మా పేరు రాయి బావా" అన్నాను.

బావ రాసుకున్నాడు. ఇంటికి వచ్చాం. వచ్చాక మా ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, నేనూ ఆయన్ని అనలేదు. తీగలు డబ్బాలోంచి తీసి పెట్టెలో పెట్టేద్దామా అనుకున్నాను. పెట్టలేదు.

12. ఉత్తర కార్తె

ఓడ వచ్చింది. నిండు నూనె దిగింది మా ఇంటికి.

ఓడ మనిషి మంచివాడు. ఆ ముసలావిడకి మీ భాష వినిపిస్తే సంతోషిస్తుందేమో, మాట్లాడి ఇవ్వు, తీసుకెళ్లి వినిపిస్తానని గొంతు నిలవచేసే చిన్న యంత్రం నా చేతిలో పెట్టాడు. రేవులో ఒక పెట్టె మీద కూర్చుని మాట్లాడాను.

మామ్మగారూ, నేనండీ తాయారుని, అని మొదలుపెట్టాను. పట్టీలు పనిచేయడం లేదని, అందరూ నడుస్తున్నారని చెప్పాను. నాగరత్తం పిన్ని వాగులో పడిందని, లేవదీయడానికి వెళ్లిన బావ కూడా పడ్డాడని చెప్పాను. మీ ఇంటి బాట నల్లగా, నున్నగా అయిందని, తలుపుకి నూనె రాశానని, మీ పొయ్యి తుడిచానని చెప్పాను. మా ఆయన దగ్గు కొంచెం నయమని చెప్పాను. మీ గది కిటికీలోంచి సముద్రం కనపడుతుందా అని అడిగాను. ఓడ కూత వేసేదాకా చెప్తూనే ఉన్నాను.

బాతు వచ్చిందని చెప్పలేదు.